దవడ గడ్డకు లేపం వేయకండి

గత మాసంలో కదిరి ప్రాంతం నుండి ఒక పాఠకురాలు నాకు ఉత్తరం వ్రాశారు. ఆమె తమ్ముడికి ఇరవై ఆరు సంవత్సరాలు. ఎడమ దవడ వెనుక భాగంలో రెండేళ్ళుగా గట్టి ఉబ్బు ఒకటి ఉన్నదనీ, నొప్పి గాని జ్వరం గాని లేవనీ, ఈ మధ్య మాత్రం అక్కడి దంతం ఒకటి కదులుతున్నదనీ ఆమె తెలిపారు. సున్నం, బెల్లం కలిపి పట్టు వేశారట. శొంఠి అరగదీసి పూశారట. తగ్గలేదు గనుక ఇంతకంటె తీక్ష్ణమైన లేపం ఏదైనా ఉంటే తెలుపమని కోరారు. చివర ఒక వాక్యం చేర్చారు. ఆపరేషన్ మాట మాత్రం చెప్పవద్దట. కత్తి తగిలితే గడ్డ క్యాన్సరుగా మారుతుందని ఇంట్లో పెద్దలు భయపడుతున్నారట.

ఇటువంటి ఉత్తరాలు నాకు కొత్త కావు. చిగుళ్ళ వాపునకు, పిప్పిపన్ను పోటుకు, గవదబిళ్ళలకు ఏ ఆకు నూరి వేయాలో ఎందరికో వ్రాసి ఉన్నాను. వాటిలో మేలు పొందినవారు ఉన్నారు. కాని ఈ ఉత్తరానికి మాత్రం లేపం పేరు వ్రాయను. నొప్పి లేకుండా, నెలల తరబడి, ఎముకతో కలిసిపోయి పెరిగే దవడ గడ్డకు ఇంట్లో చేయదగిన వైద్యం లేదు. నా వంటి వైద్యుని అరుగు మీద చేయదగినది కూడా లేదు. దానికి ముందు ఎక్స్‌రే కావాలి, పిమ్మట ముక్క పరీక్ష కావాలి, అవసరమైతే శస్త్రం కావాలి. ఆయుర్వేదం చదివినవాడు ఈ మాట అనవచ్చునా అని కొందరికి తోచవచ్చును. ఆయుర్వేదం చదివినవాడే ముందుగా అనవలసిన మాట ఇదని నా అభిప్రాయం. ఈ అభిప్రాయం నాకు పుస్తకం చదివి వచ్చినది కాదు. ఒక మనిషి దవడ పోగొట్టుకున్నాక వచ్చింది.

1997లో ధర్మవరం నుండి పట్టుచీరలు నేసే కార్మికుడొకడు నా దగ్గరకు వచ్చాడు. ముప్పై నాలుగేళ్ళవాడు, దృఢకాయుడు. కుడి దవడ కోణం దగ్గర నిమ్మకాయంత ఉబ్బు. "నొప్పి లేదు సామీ, పంటి కింద ఏదో పెరిగినట్టుంది, సంగటి ఒక పక్కనే నములుతా ఉన్నా" అన్నాడు. నేను పైనుండి వ్రేళ్ళతో తడిమి చూశాను. వేడి లేదు, ఎరుపు లేదు, చీము లక్షణం లేదు. కఫప్రధానమైన గ్రంథి అని నిశ్చయించి కాంచనార గుగ్గులు లోపలికి, దశాంగ లేపం పైకి ఇచ్చి, "భయం లేదు నాయనా, కరిగిపోతుంది" అని పంపాను. అతడు పదకొండు నెలలు శ్రద్ధగా వాడాడు. నెలనెలా వచ్చేవాడు. ఒకసారి కొంచెం తగ్గినట్లున్నదని అతడే అన్నాడు, నేనూ అవునన్నాను. నిజానికి తగ్గలేదు. రోగికీ వైద్యునికీ ఇద్దరికీ తగ్గాలన్న కోరిక ఉన్నప్పుడు కళ్ళు ఆ విధంగానే చూస్తాయి.

పదకొండో నెలలో అతడి దంతాలు రెండు వాటంతట అవే ఊగసాగాయి. అప్పుడు భయపడి మా గురువుగారి దగ్గరకు వెళ్ళాను. నా పదమూడో ఏట ఆయన ఇంట చేరి పదకొండు సంవత్సరాలు శుశ్రూష చేసి చదువుకున్నవాణ్ణి. అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి, కన్ను కూడా మందగించింది. విషయమంతా విని ఒకే ప్రశ్న అడిగారు. "నోట్లో వేలు పెట్టి చూశావా?"

చూడలేదు. పదకొండు నెలలలో ఒక్కసారి కూడా అతడి చేత నోరు తెరిపించి, లోపలి వైపు దవడ గట్టును తడిమి చూడలేదు. పంచేంద్రియాలతోనూ ప్రశ్నతోనూ రోగిని పరీక్షించాలని సుశ్రుతుడు సూత్రస్థానంలో విధించాడని వందలసార్లు వల్లించినవాణ్ణి నేను. మరునాడే అతణ్ణి పిలిపించి చూశాను. ఎముక లోపలి వైపుకు కూడా ఉబికి ఉన్నది. ఒకచోట వ్రేలితో నొక్కితే కోడిగుడ్డు పెంకు చిట్లినట్లు పలుచగా లోనికి పోయింది. లోపల ఎముకను ఏదో తినివేసి పెంకు మాత్రమే మిగిల్చిందన్న మాట. పై చర్మం మీద పూసిన నా దశాంగ లేపం ఆ గడ్డను ఏనాడూ తాకనే లేదు.

గురువుగారు ఇంకొక మాట అన్నారు. చికిత్సాస్థానం పద్దెనిమిదో అధ్యాయం చివరిదాకా చదవమన్నారు. గ్రంథులు, అపచి, అర్బుదాలు, గలగండం, వీటి చికిత్స చెప్పిన అధ్యాయమది. అందులో స్వేదాలు, లేపాలు, ఉపనాహాలు ఉన్నమాట నిజమే. నేను ఆ సగమే చదివినవాడిలా ప్రవర్తించాను. అదే అధ్యాయంలో క్షారం, అగ్ని, శస్త్రం కూడా ఉన్నాయి. అర్బుదాన్ని ఏ కొంచెమైనా మిగిల్చి తీసినట్లయితే అది త్వరలోనే మరల పెరుగుతుందనీ, అందుచేత నిశ్శేషంగా తీసివేయాలనీ, మిగిలిన శేషం నిప్పువలె ప్రాణాంతకమనీ సుశ్రుతుడు అక్కడ హెచ్చరించాడు. నిదానస్థానం పదకొండో అధ్యాయంలో అర్బుద లక్షణాలు చెబుతూ, గుండ్రంగా, కదలకుండా, లోతైన మూలంతో, కొద్దిపాటి బాధతో చిరకాలం పెరుగుతుందనీ, పక్వం కాదనీ అన్నాడు. నా ఎదుట కూర్చున్న నేతగాని దవడకు ఇందులో ఏ లక్షణం తక్కువైంది?

ఇక్కడ పండితులైన పాఠకులు ఒక ఆక్షేపణ చేయవచ్చును. సుశ్రుతుడు చెప్పిన అర్బుదాలు వాత, పిత్త, కఫ, రక్త, మాంస, మేదో భేదాల చేత ఆరు మాత్రమే, ఎముక అర్బుదం ఆ పట్టికలో లేదు కదా అని. నిజమే. ఎముక అధికంగా పెరగడాన్ని ఆయన సూత్రస్థానం ఇరువది నాలుగో అధ్యాయంలో అధ్యస్థి అనే పేరుతో, అధికదంతంతో కలిపి, అస్థిదోషజ వ్యాధులలో చెప్పాడు. ఈనాటి దంతవైద్యులు దవడలో చూసే కంతులన్నీ మన గ్రంథాలలో పేరుపేరునా ఉన్నాయని నేను వాదించను. అట్లా వాదించేవారితో నాకు పొత్తు కుదరదు. లక్షణం పోలినప్పుడు సూత్రం పనికివస్తుంది. పేరు కోసం వెదకులాడవలసిన పని లేదు.

ఆ నేతగానికి బెంగుళూరులో పరీక్షలు జరిగాయి. అమెలోబ్లాస్టోమా అని తేలింది. పంటి మీద తెల్లని పింగాణీ పొర ఉంటుంది గదా, దానిని తయారుచేసే కణజాలపు శేషాల నుండి పుట్టే గడ్డ ఇది. 1885లో మలాసే అనే ఫ్రెంచి వైద్యుడు దీనికి అడమాంటినోమా అని పేరు పెట్టాడు. 1930లో ఐవీ, చర్చిల్ అనేవారు నేటి పేరును ప్రతిపాదించారు. ఎక్కువగా క్రింది దవడలో, వెనుక దంతాల దగ్గర, యువకులలోనూ నడివయసువారిలోనూ వస్తుంది. సాధారణంగా ఇతర అవయవాలకు పాకదు. అందుకే దీనిని క్యాన్సరు కాని గడ్డల కోవలో చేర్చారు. కాని ఎముకలో చెదపురుగు వలె తొలుచుకుంటూ పోతుంది. ఎక్స్‌రేలో సబ్బునురగ బుడగల వలె గూళ్ళు గూళ్ళుగా కనబడుతుంది.

క్యాన్సరు కాదన్న ఆ మాటే అతణ్ణి రెండవసారి మోసగించింది. దవడలో కొంత భాగం కోసి తీయాలని శస్త్రవైద్యులు చెప్పగా అతడు ఒప్పుకోలేదు. ముఖం వంకర పోతుందని భయం, మగ్గం మీద కూర్చోలేనని భయం. క్యాన్సరు కాదు గనుక లోపల గోకి శుభ్రం చేస్తే చాలునని పట్టుబట్టి అంతవరకే చేయించుకున్నాడు. తిరిగి రావచ్చునని ముందే చెప్పినా వినలేదు. 2002లో మళ్ళీ వచ్చింది. ఈసారి మెత్తని కండలోకి కూడా చేరింది. 2003లో కుడి వైపు దవడ సగభాగం తీసివేయవలసి వచ్చింది. అతడి భార్య నా దగ్గరకు వచ్చి, "కరిగిపోతుందన్నారు గదా సామీ" అన్నది. కోపంతో అనలేదు, మామూలుగానే అన్నది. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది, ఈనాటికీ లేదు.

గోకి తీస్తే ఎందుకు తిరిగి వస్తుందో పాఠకులు తెలుసుకోవాలి. కంటికి కనిపించే గడ్డ అంచు దాటి, ఎముకలోని సన్నని రంధ్రాలలోకి ఈ వ్యాధి వ్రేళ్ళు పోయి ఉంటాయి. ఈ రకపు గడ్డను గోకి మాత్రమే తీసినప్పుడు సగానికి పైగా రోగులలో అది మరల వచ్చినట్లు వైద్యులు గమనించారు. అందువలన గడ్డ చుట్టూ ఒకటి నుండి రెండు సెంటీమీటర్ల ఆరోగ్యకరమైన ఎముకను కూడా కలిపి తీయడం నేటి పద్ధతి. ఒకే గదిగా ఉండే తేలికపాటి రకానికి, చిన్న పిల్లలకు, ఇంతకంటె తక్కువ కోతతో సరిపెట్టే సందర్భాలు ఉన్నాయి. ఆ నిర్ణయం ముక్క పరీక్ష చూసిన శస్త్రవైద్యునిదే గాని, రోగి భయానిది కారాదు. నిశ్శేషంగా తీయమన్న సుశ్రుతుని మాటా, రెండు సెంటీమీటర్ల అంచు వదలమన్న నేటి మాటా ఒక్కటే. రెండువేల ఏళ్ళకు పైబడిన గ్రంథానికీ నేటి ఆపరేషన్ గదికీ మధ్య ఈ విషయంలో తగవు లేదు. తగవు ఉన్నదల్లా మన ఇళ్ళలోనే.

తీసిన దవడ స్థానంలో ఏమి పెడతారని అడుగుతారు. మొదట టైటానియం పలకతో రెండు కొనలనూ బిగిస్తారు. కాలి పిక్కలో రెండు ఎముకలు ఉంటాయి. అందులో సన్ననిదైన ఫిబులా నుండి కావలసినంత ముక్కను దాని రక్తనాళంతో సహా తీసి, దవడ ఆకారానికి మలచి, మెడలోని రక్తనాళానికి సూక్ష్మదర్శిని క్రింద కుట్టి కలుపుతారు. దవడకు ఈ విధానాన్ని 1989లో హిడాల్గో అనే అమెరికా శస్త్రవైద్యుడు ప్రకటించాడు. నడకకు పెద్ద లోటు రాదు. ఆ ఎముక అతుక్కున్న తరువాత దానిలో కృత్రిమ దంతాలు కూడా బిగించవచ్చును. గడ్డ నిమ్మకాయంత ఉన్నప్పుడు ఈ పని ఒక రీతిగా ఉంటుంది. నారింజకాయంత అయ్యాక మరొక రీతిగా ఉంటుంది. లేపాలతో గడిచే ప్రతి నెలా కోయవలసిన ఎముకను పెంచుతుంది. నేను పాఠకులకు చెప్పదలచినది ప్రధానంగా ఇదే.

ఇక మన ప్రాంతానికి ప్రత్యేకమైన భ్రాంతి ఒకటి ఉన్నది. అనంతపురం మెట్టలో వర్షం ఏడాదికి 550 మిల్లీమీటర్ల ప్రాంతమే. చెరువులు ఎండి, చిత్రావతి ఇసుకయై, బోర్లు లోతుకు పోయినకొద్దీ నీళ్ళలో ఫ్లోరైడ్ సమస్య పెరిగింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించితే త్రాగడానికి పనికిరాదని ప్రమాణం. ఈ వ్యాధిని మన దేశంలో మొదటిసారి వర్ణించినది 1937లో, నాటి మదరాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా గ్రామాలను చూసిన షార్ట్ ప్రభృతులు. కనుక ఎముక జబ్బు ఏది వచ్చినా మనవాళ్ళు నీళ్ళ మీదికి నెట్టివేస్తారు. ఫ్లోరైడ్ పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు చారలు తెస్తుంది. వెన్ను, మోకాళ్ళు బిగుసుకునేటట్లు చేస్తుంది. దవడకు ఒకే ప్రక్కన ఒక గడ్డను మాత్రం పెంచదు. నీళ్ళ దోషమని రెండేళ్ళు ఊరుకున్నవారిని నేను చూశాను.

ఇంట్లో ఏమి గమనించాలి? అద్దం ఎదుట నిలబడి ముఖం రెండు ప్రక్కలా సమానంగా ఉన్నదో లేదో చూసుకోవాలి. చేయి శుభ్రంగా కడుక్కుని చూపుడువ్రేలు నోటిలో పెట్టి, చిగురు క్రింద గట్టును బయటి వైపూ లోపలి వైపూ తడిమి, ఎడమను కుడితో పోల్చాలి. మామూలు పంటి చీము గడ్డ కొద్దిరోజులలోనే పెరుగుతుంది, సలుపుతుంది, వేడిగా ఉంటుంది, ప్రక్కన పుచ్చిన పన్ను ఉంటుంది. లాలాజల గ్రంథిలో రాయి అడ్డుపడితే వాపు భోజన సమయంలో హెచ్చి తరువాత తగ్గుతుంది. ఇవేవీ కాక, గట్టిగా, నొప్పి లేకుండా, నెలల తరబడి ఉండే ఉబ్బును అనుమానించాలి. పుచ్చకుండానే, చిగురు చెడకుండానే ఒక్క పన్ను ఊగుతున్నా, పిల్లవాడికి రావలసిన పన్ను వయసు దాటినా రాకున్నా, పెద్దవారి కట్టుడు పళ్ళు హఠాత్తుగా సరిపోకున్నా అంతే. క్రింది పెదవి మొద్దుబారితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగరాదు. అది సాధారణమైన గడ్డ కాకపోవచ్చును.

ఊగుతున్న పన్నును పీకించుకోవద్దు. ఈ మాటను పాఠకులు గట్టిగా పట్టుకోవాలి. దవడలో పెరిగినది రక్తనాళాల గడ్డ అయినట్లయితే, పన్ను లాగిన చోటునుండి ఆపశక్యం గాని రక్తస్రావమై ప్రాణానికే ముప్పు రావచ్చును. అందుకే తెలిసిన వైద్యులు ముందు ఎక్స్‌రే చూస్తారు, అనుమానమైతే సూది గుచ్చి లోపల రక్తమున్నదో నీరున్నదో పరిశీలిస్తారు, ఆ తరువాతనే ముక్క తీస్తారు. సంతలో పన్ను లాగే మనిషికి ఇవి తెలియవు.

ఓపీజీ అనే ఎక్స్‌రే ఒకటి ఉన్నది. యంత్రం తల చుట్టూ అర నిమిషం లోపల తిరిగి, రెండు దవడలనూ పళ్ళన్నిటినీ ఒకే చిత్రంలో చూపుతుంది. నొప్పి లేదు. ఒక వారం లేపానికీ గుగ్గులు మాత్రలకూ అయ్యే ఖర్చుకు దీని ఖర్చు మరీ ఎక్కువేమీ కాదు. దవడ వాపుతో వచ్చే ప్రతివారినీ నేను 1998 నుండి మొదట దీనికే పంపుతున్నాను. నాడి తరువాత చూస్తాను.

ముక్క పరీక్ష చేస్తే, కత్తి తగిలితే, గడ్డ క్యాన్సరుగా మారుతుందన్న భయాన్ని గురించి ఇప్పుడు చెప్పాలి. మారదు. ఈ భయం పుట్టిన తీరు నాకు అర్థమైంది. ఆపరేషన్ అయిన కొన్ని సంవత్సరాలకు గడ్డ తిరిగి వచ్చిన మనిషిని ఊరు చూస్తుంది. కత్తి వలననే పెరిగిందని అనుకుంటుంది. కత్తి సగంలో ఆగినందున పెరిగిందని ఎవరికీ తోచదు. ముందునుండే క్యాన్సరు అయి ఉండి, ముక్క పరీక్షలో బయటపడిన సందర్భాలలో కూడా అపవాదు పరీక్షకే వస్తుంది. దీపం వెలిగించినందువల్ల తేలు పుట్టిందన్నట్లు ఉంటుంది ఈ వాదం.

అయితే ప్రతి దవడ గడ్డనూ కోయాలని నేననడం లేదు. ఈ మాట చెప్పకపోతే ఒక భయం పోగొట్టి మరొకటి పెట్టినవాణ్ణవుతాను. బుక్కపట్నం నుండి ఒక పెద్దమ్మగారు అంగుడి నడుమ గట్టి బుడిపె ఉన్నదని, క్యాన్సరేమోనని అన్నం మానివేసి వచ్చారు. అది టోరస్ అనే ఎముక బుడిపె. ఎందరికో పుట్టుకతోనో యౌవనంలోనో ఏర్పడి నిరపాయంగా జీవితాంతం ఉంటుంది. కట్టుడు పళ్ళకు అడ్డు వస్తే తప్ప ముట్టుకోనవసరం లేదు. దంతవైద్యుడు ఆ మాట చెప్పిన రోజున ఆమె ఇంటికి వెళ్ళి ముందు చేసిన పని ఓళిగలు తినడమట.

ఫైబ్రస్ డిస్‌ప్లేసియా అనే మరొక రకంలో ఎముక స్థానంలో నార వంటి కణజాలం, అపక్వమైన ఎముక ఏర్పడతాయి. ఎక్స్‌రేలో గరుకు గాజు వలె మసకగా కనిపిస్తుంది. సాధారణంగా బాల్యంలో మొదలై యౌవనం నిండేసరికి చాలామందిలో నెమ్మదిస్తుంది. కనుక చూపునకో శ్వాసకో అడ్డు లేనట్లయితే పెరుగుదల ఆగేదాకా వేచి ఉండి, తరువాత ఆకృతి కోసం చెక్కుతారు. దీనికి రేడియేషన్ ఇవ్వరాదు. ఆస్టియోమా అనే గట్టి ఎముక గడ్డ ఒక్కటే ఉంటే నిరపాయమే. కాని దవడలో అవి పలుచోట్ల ఉంటే పెద్దప్రేగును కూడా పరీక్షించుకోవాలి. ఒక వంశపారంపర్య వ్యాధిలో ఇవీ ప్రేగు బుడిపెలూ కలిసి వస్తాయి, ఆ బుడిపెలు క్యాన్సరుగా మారుతాయి. దవడలోని ఒక రకం గడ్డ కంఠంలోని పారాథైరాయిడ్ గ్రంథి దోషం వలన వస్తుంది; రక్తంలో కాల్షియం చూడకుండా దానిని కోస్తే మూలం అట్లాగే ఉండిపోతుంది. ఇన్ని రకాలు పైనుండి తడిమితే ఒకే గడ్డగా తోస్తాయి. మన శాస్త్రంలో చికిత్సకు ముందు నిదానం పెట్టినది ఇందుకే గదా.

2020 నవంబరులో ఆయుర్వేద శల్య, శాలాక్య విభాగాల పీజీ విద్యార్థులకు 58 రకాల శస్త్రచికిత్సలలో శిక్షణ ఇవ్వాలని ప్రకటన వెలువడినప్పుడు దేశమంతటా పెద్ద వివాదం జరిగింది. మిత్రులు నన్ను ఏ పక్షమని అడిగారు. మా గురుకులంలో గుమ్మడికాయ మీదా సొరకాయ మీదా ఛేదనం అభ్యసించాము. సుశ్రుతుడు చెప్పిన యోగ్యావిధి అది. దానితో నాకు చేతికి నేర్పు వచ్చిందేమో గాని మనిషి దవడ కోసే అర్హత రాలేదు. శిక్షణ పొందినవాడు శిక్షణ పొందినంత మేరకు చేయవచ్చును. దవడ సగం తీసి కాలి ఎముకతో కట్టే పనికి సంవత్సరాల తరబడి అదే పని చేసిన నోటి, దవడ శస్త్రవైద్యుడే కావాలి. ఇందులో పక్షం ఏమున్నది?

శస్త్రచికిత్స తరువాత మన వైద్యానికి చోటు లేదా అంటే ఉన్నది. కుట్లు మానిన తరువాత, శస్త్రవైద్యుడు సరేనన్నప్పుడు, గోరువెచ్చని త్రిఫలా కషాయంతో పుక్కిలించడం నోటిని శుభ్రంగా ఉంచుతుంది. నువ్వుల నూనెతో చేసే కబళం నోరు ఎండే వారికి సుఖాన్నిస్తుంది. నమలలేని వారాలలో రాగి జావ, పెసరకట్టు, పలుచని కొర్ర గంజిలో నెయ్యి, మెత్తగా చిలికిన మజ్జిగ బలం నిలుపుతాయి. ఇవి గడ్డ తిరిగి రాకుండా ఆపుతాయని మాత్రం ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఆపరేషనుకు ముందు వాడుతున్న భస్మాలు, కషాయాలు, పసర్లు అన్నీ ఆ వైద్యునికి దాచకుండా చెప్పాలి. పొగాకు, వక్క మానాలి. ఇక చూపించుకోవడం, అమెలోబ్లాస్టోమా అయినట్లయితే పదేళ్ళు దాటినా మానరాదు.

పుట్టపర్తి చిన్న ఊరు. అయినా 1956 నుండి సాధారణ ఆసుపత్రి, 1991 నుండి పెద్ద ఆసుపత్రి ఉన్న ఊరు, 2022 ఏప్రిల్ నుండి జిల్లా కేంద్రం. దేశదేశాల నుండి వైద్యం కోసం వచ్చేవారిని కళ్ళారా చూస్తూ కూడా మనం దవడ మీద సున్నం పట్టు వేసుకుని వీధులలో తిరుగుతున్నాము. దవడ శస్త్రచికిత్సకు కడప, విజయవాడలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. హైదరాబాదులోనూ, మనకు దగ్గరైన బెంగుళూరులోనూ ఉన్నాయి. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం తమ వ్యాధికి వర్తిస్తుందో లేదో చేరకముందే ఆసుపత్రిలో అడగాలి. 2007లో ఆ పథకం మొదలైన తొలి మూడు జిల్లాలలో మన అనంతపురం ఒకటి.

ధర్మవరం నేతగాడు ఇప్పుడు అరవై దాటినవాడు. 2004లో కాలి ఎముకతో దవడ కట్టారు. ముఖం కొంచెం ఒక ప్రక్కకు ఉంటుంది, మాట స్పష్టమే. బుడ్డలు నమలలేడు, సంగటి తింటాడు. మగ్గం కొడుకుకు అప్పగించాడు. ఏడాదికొకసారి బెంగుళూరుకు చూపించుకోవడానికి వెళ్ళి, తిరుగు ప్రయాణంలో నా దగ్గర దిగి ఎక్స్‌రే నా చేతిలో పెడతాడు. నేను దానిని కిటికీ వెలుతురులో పట్టి చూస్తాను.

ఉత్తరం వ్రాసిన పాఠకురాలికి ఈ వ్యాసం అచ్చయ్యేదాకా ఆగకుండా ఫోను చేశాను. లేపం పేరు చెప్పనందుకు మొదట నొచ్చుకున్నారు. తమ్ముణ్ణి ఫోను దగ్గరకు పిలవమని, నోట్లో వేలు పెట్టి లోపలి వైపు తడిమి చూడమన్నాను. కొంతసేపు మాట లేదు. తరువాత, "లోపల గూడా ఉంది సామీ" అన్నాడు. బుధవారం ఓపీజీ తీయించుకుని, గురువారం ఉదయం ఫిల్ముతో వస్తామన్నారు.